ధనుష్కోటి రైల్వే స్టేషన్: రామేశ్వరం వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రామేశ్వరం వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది తీర్థ స్నానాలు, దర్శనం అయ్యాక ఆటో మాట్లాడుకుని ధనుష్కోటి కూడా చూసి వస్తారు. అక్కడ ఇసుకలో నిలబడి ఉన్న మొండిగోడల్లో కొన్ని ఒకప్పటి రైల్వే స్టేషన్‌వి. దారిలో వినబడే కథలో తుఫాను ఉంటుంది, కొట్టుకుపోయిన రైలు ఉంటుంది. ఆ స్టేషన్ యాభై ఏళ్ళ పాటు చేసిన పని మాత్రం ఉండదు. తుఫాను సంగతీ చెబుతాను గానీ, ముందు ఆ పని గురించి తెలుసుకుంటే మిగతాదంతా ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇంత ఇసుకలో నిజంగా రైలు నడిచేదా?

నడిచేది. 1914 నుంచి 1964 డిసెంబర్ దాకా నడిచింది. రామేశ్వరం దీవి తూర్పున సన్నగా సాగి సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క మన్నార్ సింధుశాఖ. మధ్యలో ఉన్న ఇసుక పట్టీ మీద ఊరు, ఊళ్ళో స్టేషన్, స్టేషన్ దాటాక ఓడ ఆగే జెట్టీ.

మద్రాసు వైపు నుంచి వచ్చే మీటర్ గేజ్ లైను మండపం దగ్గర నేలను వదిలి, సముద్రం మీదుగా పాంబన్ చేరేది. పాంబన్ ఒక జంక్షన్. అక్కడ లైను రెండుగా చీలి ఒకటి రామేశ్వరానికి, ఇంకొకటి ధనుష్కోటికి పోయేది. ఇవాళ బండ్లన్నీ రామేశ్వరంలో ఆగిపోతున్నాయి కాబట్టి అదే అసలు లైను అనుకుంటాం. ఆ రోజుల్లో సంగతి వేరు. పెద్ద బండి పోయేది ధనుష్కోటికి, రామేశ్వరానిది కొమ్మ లైను.

ఒక చిన్న పల్లెకి అంత లైను దేనికి వేశారు?

పల్లె కోసం వేసింది కాదు, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) కోసం వేసింది. ధనుష్కోటి నుంచి అవతలి ఒడ్డున ఉన్న తలైమన్నార్ దాదాపు 30 కిలోమీటర్లు. మన దేశం నుంచి లంకకి ఇంత దగ్గర దారి ఇంకోటి లేదు.

1914కి ముందు సిలోన్ వెళ్ళాలంటే మద్రాసు నుంచి రైల్లో తూత్తుకుడి దాకా పోయి, అక్కడ స్టీమర్ ఎక్కి, ఒక రాత్రంతా సముద్రం మీద గడిపి కొలంబోలో దిగాలి. వానాకాలంలో ఆ రాత్రి ఎలా గడిచేదో ఊహించుకోవచ్చు. సముద్రం మీద ప్రయాణం తగ్గించి రైలు ప్రయాణం పెంచితే మనుషులకీ సుఖం, కంపెనీకీ లాభం. అందుకని సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ లైనును దీవి చివరిదాకా తీసుకెళ్ళింది. అటువైపు సిలోన్ ప్రభుత్వ రైల్వే తలైమన్నార్ దాకా పట్టాలు వేసుకుంది. రెండూ 1914లోనే మొదలయ్యాయి. స్టీమర్ మీద ఉండాల్సిన సమయం ఒక రాత్రి నుంచి కొద్ది గంటలకు దిగింది.

రైల్వే కంపెనీ, సర్కారు దృష్టిలో ప్రయాణికుల సుఖం ఒక్కటే లేదు. సిలోన్ కొండల మీది తేయాకు తోటలకు కూలీలు కావాలి. వాళ్ళు తమిళ జిల్లాల నుంచి వెళ్ళాలి. ఈ లైనుకి బలమైన కారణం అదే.

పాంబన్ వంతెన కూడా ఈ స్టేషన్ కోసమే కట్టారా?

ఒక రకంగా అవును. దీవి దాకా రైలు రానిదే దీవి కొసకి రాదు కదా. 1911లో పని మొదలుపెట్టి, 1914 ఫిబ్రవరి 24న తెరిచారు. పొడవు 2,065 మీటర్లు. 2009లో ముంబైలో బాంద్రా-వర్లీ వంతెన వచ్చేదాకా మన దేశంలో సముద్రం మీద ఇంత పొడవైన వంతెన లేదు.

దాని నడుమ ఉన్న షెర్జర్ స్పాన్ గురించి ఒక్క మాట చెప్పాలి. పాంబన్ కాలువలో పడవలు, చిన్న ఓడలు అటూ ఇటూ పోవాలి కాబట్టి వంతెన మధ్య భాగాన్ని రెండు రెక్కలుగా చేశారు. ఓడ వచ్చినప్పుడు రెండు పక్కలా మనుషులు నిలబడి పెద్ద పెద్ద కడ్డీలను చేతులతో తిప్పేవాళ్ళు. గేర్లు కదిలి, వందల టన్నుల ఇనుము నెమ్మదిగా వెనక్కి వాలుతూ పైకి లేచేది. కరెంటు మోటారు లేదు, అంతా మనుషుల బలమే. వందేళ్ళకు పైగా అలాగే నడిచింది.

బోట్ మెయిల్ అంటే పడవలో పోయే రైలా?

కాదు. పడవకి అందించే రైలు. మద్రాసు ఎగ్మూరులో బయల్దేరి ధనుష్కోటి చేరే ఈ బండికి ఇండో-సిలోన్ ఎక్స్‌ప్రెస్ అనే పేరూ ఉంది. జనం నోట మాత్రం బోట్ మెయిలే నిలిచింది. ఎగ్మూరులో కొన్న ఒకే టికెట్టు మీద రైలు, స్టీమర్, మళ్ళీ రైలు ఎక్కి కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో దిగొచ్చు. రెండు దేశాలు, మధ్యలో సముద్రం, చేతిలో ఒక్క టికెట్టు. ఆ వీలు మనకి ఈ రోజు లేదు.

ధనుష్కోటి స్టేషన్ రోజువారీ పని ఈ బండి చుట్టూ తిరిగేది. బండి ఊళ్ళో ఆగి ఊరుకునేది కాదు. ఊరికి ఆగ్నేయంగా, జెట్టీ పక్కదాకా వెళ్ళి ఆగేది. ప్రయాణికులు పెట్టెలు దింపుకోవాలి, కస్టమ్స్ వాళ్ళకి చూపించాలి, కాగితాలు తనిఖీ అవ్వాలి, టపా సంచులు లెక్క చూసి ఓడకి ఎక్కించాలి. కూలీలు, గుమాస్తాలు, టపా మనుషులు, కస్టమ్స్ జవాన్లు అందరికీ అదే అదును. స్టీమర్ అవతలి ఒడ్డు చేరేసరికి అక్కడ ఇంకో రైలు సిద్ధంగా ఉండేది. మొదట్లో నడిచిన ఓడల తర్వాత ఇర్విన్, గోషెన్ అనే రెండు స్టీమర్లు ఈ దారిలో చాలాకాలం తిరిగాయి. ఇద్దరు బ్రిటిష్ దొరల పేర్లవి. ఒకరు వైస్రాయ్, ఒకరు మద్రాసు గవర్నర్.

ఓడ మీద పెట్టి రైలునే దాటించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఇటు లైను మీటర్ గేజ్, పట్టాల మధ్య ఒక మీటరు. సిలోన్‌లో బ్రాడ్ గేజ్, 1,676 మిల్లీమీటర్లు. ఇక్కడి పెట్టె అక్కడి పట్టాల మీద నిలబడదు. అందుకే అందరూ దిగి ఎక్కాల్సిందే. ఆ దిగి ఎక్కడం వల్లే ధనుష్కోటికి బతుకుతెరువు దొరికిందని నా అభిప్రాయం. బండ్లు నేరుగా దాటిపోయే ఊరిలో హోటళ్ళూ సత్రాలూ ఎందుకు లేస్తాయి?

అప్పట్లో ఊళ్ళో ఏమేమి ఉండేవి?

స్టేషన్, రైల్వే సిబ్బంది ఇళ్ళు, రైల్వే ఆసుపత్రి, పోస్టు-టెలిగ్రాఫ్ ఆఫీసు, కస్టమ్స్ ఆఫీసు, పోర్టు ఆఫీసు, బడి, గుడి, చర్చి, బట్టల కొట్లు, హోటళ్ళు, యాత్రికులకు ధర్మశాలలు. ఇవికాక జాలర్ల గూడేలు. చేపల వ్యాపారం జోరుగా సాగేది. పల్లె అంటున్నాం గానీ, 1960ల నాటికి చాలా తాలూకా కేంద్రాల్లో లేని ఆఫీసులు అక్కడ ఉన్నాయి.

ఈ దారిన ఎవరెవరు వెళ్ళేవారు?

వ్యాపారులు, ఉద్యోగులు, విద్యార్థులు, బౌద్ధ యాత్రికులు, చుట్టాల ఇళ్ళకు పోయేవాళ్ళు. అటునుంచి రామేశ్వరం, కాశీ యాత్రకి వచ్చేవాళ్ళు. అయితే ఎక్కువగా నడిచింది తేయాకు తోటల కూలీలు. వాళ్ళకి దారి అంత సులువు కాదు. వంతెనకి ఇవతల మండపంలో సిలోన్ ప్రభుత్వం ఒక క్యాంపు నడిపేది. అంటువ్యాధులు దాటకుండా కూలీలను అక్కడ కొన్నాళ్ళు ఉంచి, పరీక్షించి, ఆ తర్వాతే ఓడ ఎక్కనిచ్చేవారు. ఆ చోటిని ఇప్పటికీ మండపం క్యాంపు అనే అంటారు. శ్రీలంక యుద్ధం రోజుల్లో అటునుంచి పారిపోయి వచ్చిన తమిళులకు అదే శరణార్థి శిబిరం అయింది.

అందుకే ఈ స్టేషన్ చరిత్రని తుఫానుతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. మూటాముల్లే సర్దుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని, మళ్ళీ ఎప్పుడు వస్తారో తెలియని మనుషులు తమ దేశంలో ఆఖరుసారి అడుగుపెట్టిన ప్లాట్‌ఫారం అది. దానికి దక్కాల్సిన మొదటి గుర్తింపు ఇదే.

వివేకానందుడు అమెరికా నుంచి వచ్చి ఇక్కడే దిగారంటారు. ఆయన ఈ రైలు ఎక్కారా?

లేదు. ఆయన సిలోన్ నుంచి వచ్చి 1897 జనవరి 26న పాంబన్‌లో దిగారు. రామనాథపురం రాజా భాస్కర సేతుపతి స్వాగతం పలికారు. అప్పటికి ధనుష్కోటికి రైలు రావడానికి ఇంకా 17 ఏళ్ళు ఉంది.

అబ్దుల్ కలాం గారికీ ఈ లైనుకీ ఏదో సంబంధం ఉందట?

ఉంది, అదీ ఆయన స్వయంగా చెప్పుకున్నదే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు రామేశ్వరం స్టేషన్‌లో బండి ఆపడం మానేశారు. మద్రాసు నుంచి వచ్చే పేపర్ల కట్టల్ని రామేశ్వరానికీ ధనుష్కోటికీ నడుమ నడుస్తున్న రైల్లోంచే కిందికి విసిరేవారు. వాటిని ఏరి ఊళ్ళో పంచే పని కలాం గారి బంధువుది. పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాల్సి వచ్చి ఎనిమిదేళ్ళ కలాంని పెట్టుకున్నాడు. ఆయన మొదటి సంపాదన అదే. వాళ్ళ నాన్నగారు పడవ కట్టించి యాత్రికుల్ని రామేశ్వరం నుంచి ధనుష్కోటికి చేరవేసేవారు. ఆ పడవనీ ఒక తుఫాను మింగేసింది. అది 1964 నాటిది కాదు, అంతకు చాలా ముందుది.

1964 డిసెంబర్ 22 రాత్రి ఏం జరిగింది?

డిసెంబర్ 17న దక్షిణ అండమాన్ సముద్రంలో వాయుగుండం పుట్టింది. రెండు రోజుల్లో తీవ్ర తుఫానుగా మారింది. 21 నుంచి దాదాపు గీత గీసినట్టు పడమరకి నడిచి, 22న శ్రీలంక ఉత్తర భాగంలో వవునియా మీదుగా దాటి, ఆ రాత్రి ధనుష్కోటిని తాకింది. గాలి వేగం గంటకు 250 కిలోమీటర్లకు మించి ఉంటుందని, ఉప్పెన కెరటాలు 7 మీటర్ల దాకా లేచాయని అంచనా. రెండువైపులా సముద్రం ఉన్న ఇసుక పట్టీ మీద అంత నీరు వస్తే ఎక్కడికి పరిగెత్తాలి? ఎక్కడానికి ఒక మెరక లేదు.

అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు, 23:55కి, 653 నంబరు పాంబన్-ధనుష్కోటి ప్యాసింజరు పాంబన్‌లో బయల్దేరింది. ధనుష్కోటి ఇంకాస్త దూరంలో ఉందనగా ఉప్పెన బండిని ముంచేసింది. ఒక్కరూ బతకలేదు.

స్టేషన్ బయట ఉండే ఔటర్ సిగ్నల్ దగ్గర దీపం కనబడక డ్రైవరు బండి ఆపాడనీ, కాసేపు చూసి, గట్టిగా కూత వేసి, చీకట్లోనే ముందుకు తీశాడనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. స్టేషన్ ఇంకో అడుగు దూరంలో ఉన్నప్పుడు ఏ డ్రైవరైనా చేసే పనే అది. కానీ ఆ ఆఖరి నిమిషాలను చూసి చెప్పగలిగినవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి దీన్ని జనం చెప్పుకునే మాటగానే తీసుకోండి.

టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలన్నీ తెగిపోయాయి. బండి చేరిందో లేదో పాంబన్‌కి తెలియదు. ధనుష్కోటి ఉందో లేదో మద్రాసుకి తెలియదు. మండపం వైపు నుంచి మెల్లగా కబుర్లు బయటికి పొక్కేదాకా ఆ బండి లెక్కలో లేకుండా పోయింది.

రైల్లో ఎంతమంది పోయారు? ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుందేం?

ఎక్కువగా చెప్పే లెక్క 115. అందులో 110 మంది ప్రయాణికులు, 5 మంది రైల్వే సిబ్బంది. ఇది టికెట్ల లెక్క. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి 200 దాకా ఉండొచ్చనే అంచనా ఉంది. ఊరూ చుట్టుపక్కలా కలిపి పోయినవాళ్ళు దాదాపు 1,800 మంది అంటారు. అందుకే కొన్నిచోట్ల రైలు లెక్క, కొన్నిచోట్ల మొత్తం లెక్క కనిపించి తికమక పెడతాయి.

తుఫాను వస్తుందని తెలిసీ బండి ఎందుకు వదిలారు?

ఇవాళ్టి కళ్ళతో చూస్తే ఇదే మొదట అడగాలనిపిస్తుంది. అప్పటి పరిస్థితి తెలుసుకుంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళ మీద కోపం రాదు. మన దేశంలో తుఫాన్లను పసిగట్టే మొట్టమొదటి రాడార్ పెట్టింది 1970లో, మన విశాఖపట్నంలోనే. 1964లో వాతావరణ శాఖకి సముద్రం మీది ఓడలు పంపే కబుర్లు, తీరంలోని పరిశీలన కేంద్రాలు తప్ప పెద్దగా ఆధారం లేదు. తుఫాను ఉందని తెలియడం వేరు, అది ఏ రాత్రి ఏ ఊరి మీద పడుతుందో, నీరు ఎంత ఎత్తున లేస్తుందో తెలియడం వేరు. డిసెంబర్‌లో ఆ తీరంలో గాలీ వానా మామూలే. 13 ఏళ్ళ తర్వాత, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో కూడా మనకి ఇదే జరిగింది. హెచ్చరిక ఉంది, నీరు ఆ ఎత్తున వస్తుందన్న ఊహ లేదు.

సావిత్రి గారు ఆ తుఫానులో చిక్కుకున్నారా?

అవును. సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు అప్పుడు రామేశ్వరంలో ఉన్నారు. తుఫానులో అక్కడే చిక్కుబడిపోయి, తర్వాత క్షేమంగా బయటపడ్డారు.

వంతెన కొట్టుకుపోతే 46 రోజుల్లో కట్టారంటారు. నిజమేనా?

నిజమే. పట్టాలను మోసే ఇనుప దూలాలు, అంటే గర్డర్లు, 145లో 126 కొట్టుకుపోయాయి. స్తంభాలు చాలావరకు నిలబడ్డాయి. ఓడల కోసం తెరుచుకునే షెర్జర్ భాగం కూడా తట్టుకుంది. బాగుచేయడానికి ఆరు నెలలు పడుతుందనుకున్నారు. తర్వాత గడువు మూడు నెలలకి కుదించారు. ఆ పని చేతికి తీసుకున్న యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్. సముద్రంలో పడిన గర్డర్లను వెతికి పైకి తీయించి, తిరిగి వాటి చోట కూర్చోబెట్టించి, 46 రోజుల్లో వంతెన మీద రైలు నడిపించారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఆయనే.

అంత పెద్ద వంతెననే 46 రోజుల్లో లేపినవాళ్ళు, ఆ చిన్న స్టేషన్‌ని ఎందుకు వదిలేశారు?

ఇది అసలైన ప్రశ్న. మామూలుగా దొరికే జవాబు: ఆ చోటు మనుషులు ఉండటానికి పనికిరాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది, అందుకే. అది నిజం. పట్టాలు లేచిపోయాయి, కట్ట కొట్టుకుపోయింది, ఇసుక తిన్నెలు రూపం మారాయి. మళ్ళీ అదే తుఫాను వస్తే మళ్ళీ అదే జరుగుతుంది.

నాకు మాత్రం ఆ జవాబు సగమే అనిపిస్తుంది. రైల్వే ఏ లైనునైనా బాగుచేసేది అవతల ఏదో పని ఉంటేనే. వంతెన బాగుపడింది రామేశ్వరం కోసం. కోట్లమందికి అది తప్పనిసరి క్షేత్రం. ధనుష్కోటి అవతల ఉన్నది సిలోన్ ఒక్కటే. 1964 నాటికి ఆ రాకపోకలు మునుపటిలా లేవు. రెండూ వేరు దేశాలయ్యాయి, పాస్‌పోర్టులు వీసాలు వచ్చాయి. కూలీల వలస ఆగిపోయి, వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చే సమయం వచ్చింది. తుఫానుకి రెండు నెలల ముందు, 1964 అక్టోబర్ 30న, లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తోటల్లోని 5 లక్షలకు పైగా తమిళులను భారత్ వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. ఈ స్టేషన్ దాటి వెళ్ళిన కూలీల పిల్లలూ మనవలూ తిరిగి వచ్చేసరికి ఆ స్టేషన్ లేదు. వాళ్ళు రామేశ్వరంలో దిగారు.

తుఫాను స్టేషన్‌ని కూల్చింది. మళ్ళీ లేపకపోవడానికి మాత్రం అవసరం తగ్గిపోవడమే పెద్ద కారణం. రెండూ ఒకే ఏడాది కలిసొచ్చాయి.

సిలోన్ ఓడ ఏమైంది?

రామేశ్వరం నుంచి తలైమన్నార్‌కి మారింది. 1980ల్లో శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక ఆగిపోయి, మళ్ళీ రాలేదు. అవతలి లైను కూడా 1990లో యుద్ధంలో ధ్వంసమైంది. మన ఇర్కాన్ సంస్థ దాన్ని తిరిగి కట్టాక 2015 మార్చిలో తలైమన్నార్‌కి మళ్ళీ రైలు వచ్చింది. అంటే ఆ ఒడ్డున రైలు ఉంది, ఈ ఒడ్డున లేదు. 2023 అక్టోబర్‌లో నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేశన్‌తురైకి ఓడ మొదలైంది గానీ అది వేరే దారి.

బోట్ మెయిల్ ఇప్పుడు లేదా?

ఉంది. చెన్నై ఎగ్మూరు - రామేశ్వరం ఎక్స్‌ప్రెస్ అదే, పాతవాళ్ళు ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. 2007లో లైను బ్రాడ్ గేజ్ అయింది. పాత పాంబన్ వంతెన మీద 2022 డిసెంబర్‌లో రైళ్ళు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న మొదలైంది. దీనికి రెక్కలు లేవు. 72.5 మీటర్ల మధ్య భాగం మొత్తం లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది.

ఇప్పుడు వెళ్తే స్టేషన్‌లో ఏం కనిపిస్తుంది?

చాలామంది చర్చి దగ్గర ఫొటోలు దిగి తిరిగొస్తారు. చర్చి గోడలే ఎక్కువ ఎత్తున మిగిలాయి కాబట్టి కంటికి అదే ఆనుతుంది. స్టేషన్ శిథిలాలు ఇంకాస్త తక్కువ ఎత్తులో ఉంటాయి. తోరణాల్లా వంపు తిరిగిన మొండి గోడలు, ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టే ట్యాంకు తాలూకు దిమ్మె చూడండి. నీటి ట్యాంకు దగ్గర ఒక నిమిషం ఆగండి. రెండు ఉప్పు సముద్రాల మధ్య ఇంజనుకి మంచినీళ్ళు ఎక్కడివి? ఇసుకలో కొద్ది లోతు తవ్వితే వాననీరు ఊరిన తియ్యటి జలం దొరుకుతుంది. అక్కడి జాలర్లు ఇప్పటికీ అలా చెలమలు తవ్వుకునే తాగుతారు.

గోడల్ని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. సున్నం పూత ఊడిన చోట, లోపలి రాయి మామూలు రాయిలా నునుపుగా ఉండదు. సన్నని రంధ్రాలు, పూరేకుల్లాంటి గీతలు. అవి పగడపు రాళ్ళు. దగ్గరలో కొండ లేదు, క్వారీ లేదు, సముద్రంలో దొరికినదాంతోనే ఇక్కడ గోడలు లేపారు.

ఒక్క ముక్క కూడా తెచ్చుకోకండి. శిథిలం అన్న గౌరవం ఒకటైతే, మన్నార్ సింధుశాఖ రక్షిత జీవావరణం, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అక్కడ గవ్వలు, పగడాలు అమ్మే బండ్లు ఉన్నా కొనొద్దు.

తుఫానుని గుర్తుచేసే స్మారక శిల ఒకటి స్టేషన్ దగ్గరే ఉంది.

దయ్యాల ఊరు అంటారు. రాత్రి ఉండకూడదా?

రాత్రి ఉండకూడదు, దయ్యాల వల్ల కాదు. సాయంత్రం చీకటి పడేలోపే సందర్శకులను పంపించేస్తారు. లైట్లు లేవు, ఉండటానికి వసతి లేదు, రెండువైపులా అలల ఉధృతి ఎక్కువ.

దయ్యాల ఊరు అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. ఆ ఊరి జాలరి కుటుంబాలు ఇప్పటికీ గుడిసెలు వేసుకుని అక్కడే బతుకుతున్నాయి. తమ తాతముత్తాతలు పోయిన చోట భయం కథలు అల్లి, వీడియోలు తీసేవాళ్ళను వాళ్ళు రోజూ చూస్తూ ఉంటారు. అది చావు చూసిన ఊరు, అంతే. దివిసీమను మనం ఎప్పుడైనా దయ్యాల సీమ అన్నామా?

తెలుగు రాష్ట్రాల నుంచి ఎలా వెళ్ళాలి?

తిరుపతి నుంచి నేరుగా రామేశ్వరం ఎక్స్‌ప్రెస్ ఉంది. భువనేశ్వర్-రామేశ్వరం బండి కోస్తా మీదుగా వస్తుంది. లేదంటే చెన్నై లేదా మధురై చేరి అక్కడి నుంచి మారొచ్చు. రామేశ్వరం నుంచి ధనుష్కోటి దాదాపు 20 కిలోమీటర్లు. 2017లో అరిచల్మునై కొస దాకా తారు రోడ్డు పడింది. అంతకుముందు చివరి దూరం ఇసుకలో, నీళ్ళలో వ్యాన్ల మీద పోవాల్సి వచ్చేది. దారిలో కోదండరామస్వామి గుడి ఉంది, విభీషణుడికి పట్టాభిషేకం జరిగింది అక్కడే అంటారు. తుఫానుని తట్టుకుని నిలిచింది ఆ గుడి. పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం ఆ ఇసుకలో నీడ ఉండదు, నీళ్ళు వెంట ఉంచుకోవాలి.

మళ్ళీ ధనుష్కోటికి రైలు వస్తుందా?

2019 మార్చి 1న రామేశ్వరం-ధనుష్కోటి మధ్య 17 కిలోమీటర్ల కొత్త లైనుకి ప్రధాని శంకుస్థాపన చేశారు. 208 కోట్ల రూపాయల అంచనా. ఆ తర్వాత పర్యావరణం మీద, భూమి మీద అభ్యంతరాలు వచ్చాయి. పని మాత్రం పట్టాలెక్కలేదు.

నాకు ఈ లైను విషయంలో రెండు మనసులు ఉన్నాయి. రామేశ్వరం వచ్చే యాత్రికులకి సౌకర్యమే. కానీ తాబేళ్ళు గుడ్లు పెట్టే ఆ తీరంలో, 1964లో సముద్రం ఒక్క రాత్రిలో తీసుకుపోయిన నేల మీద మళ్ళీ కట్ట పోయడం గురించి చాలా ఆలోచించాలి. కొత్త స్టేషన్ వచ్చినా రాకపోయినా, పాత స్టేషన్‌కి ఇప్పుడే చేయాల్సిన పని ఉంది. ఉప్పుగాలి గోడల్ని ఏటా కొంత తినేస్తోంది, జనం వాటిమీదికి ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. చుట్టూ చిన్న కంచె, గోడలకు ఊతం, బోట్ మెయిల్ దారి గీసిన ఒక పటం, 653 ప్యాసింజరులో డ్యూటీ మీద పోయిన ఆ ఐదుగురు రైల్వే ఉద్యోగుల పేర్లతో తమిళంలో, హిందీలో, ఇంగ్లీషులో ఒక బోర్డు పెట్టాలి. ఇంతమంది తెలుగువాళ్ళం వెళ్తున్నాం కాబట్టి తెలుగులో కూడా.